కన్న ఇల్లు, పెంచే ఇల్లు: ఫోస్టర్ కేర్ వ్యవస్థపై ఒక సమీక్ష

కన్నవారి దగ్గర ఉండే వీలులేని పిల్లలను, ప్రభుత్వం ఎంపిక చేసి ఆమోదించిన మరొక కుటుంబంలో ఉంచి పెంచే ఏర్పాటును ఫోస్టర్ కేర్ అంటారు. బిడ్డను పెంచే ఇంటిని పోషక కుటుంబమనీ, బిడ్డ పుట్టిన ఇంటిని కన్న కుటుంబమనీ పిలుచుకుంటే చర్చ సులువవుతుంది. తెలుగునాట ఈ మాట విన్నవారిలో చాలామంది దీన్ని దత్తతకు మరో పేరుగా భావిస్తారు గాని, చట్టం దృష్టిలో రెండింటికీ పొంతన లేదు. దత్తతతో కన్నవారితో ఉన్న చట్టబద్ధమైన బంధం తెగిపోయి, ఇంటిపేరూ వారసత్వమూ కొత్త కుటుంబానివవుతాయి. ఫోస్టర్ కేర్‌లో కన్నవారు కన్నవారుగానే ఉంటారు, ఇంటిపేరు మారదు, ఆస్తి హక్కు మారదు, పరిస్థితి చక్కబడితే బిడ్డ వారి దగ్గరికే తిరిగి వెళ్తాడు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద కోర్టు ఒక వ్యక్తికి మైనరు బాధ్యతను అప్పగించే సంరక్షకత్వం మూడో దారి. బిడ్డను ఎక్కడికీ కదపకుండా, ఉన్న ఇంట్లోనే ఉంచి పెంపకానికి నెలనెలా డబ్బు ఇచ్చే స్పాన్సర్‌షిప్ నాలుగోది. ఇవేవీ కుదరనప్పుడు మిగిలేవి బాలసదనాలు, శిశుగృహాలు, అనాథాశ్రమాలు. వీటన్నిటినీ కలిపి చట్టం బాలల సంరక్షణ సంస్థలు అంటుంది.

ఫోస్టర్ కేర్ మీద సాగే చర్చ ఎక్కువగా మంచి పోషక కుటుంబాలు ఎక్కడ దొరుకుతాయన్న ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. దయగల ఇల్లు ఒకటి దొరికితే సమస్య సగం తీరినట్టేనన్న నమ్మకం ఈ ప్రశ్న వెనక ఉంది. వందేళ్లకు పైబడిన అనుభవాన్ని వరుసగా పరిశీలిస్తే మాత్రం, బిడ్డ భవిష్యత్తును ఆ ఇంటి దయకన్నా ఎక్కువగా నిర్ణయించినవి మూడు కనిపిస్తాయి: కన్న కుటుంబం మళ్లీ నిలదొక్కుకోవడానికి అందిన ఆసరా, పోషక కుటుంబానికి ఆగకుండా అందిన తోడ్పాటు, ఈ రెండిళ్ల మధ్య తిరిగే ఉద్యోగికి ఉన్న తీరిక. వీటిలో మొదటిది అన్నిచోట్లా బలహీనంగానే ఉంది. మన దేశంలో మరీ బలహీనంగా ఉంది.

పిల్లలకు సంస్థకన్నా కుటుంబమే మేలని ఈనాడు ఎవరూ వాదించి నెగ్గవలసిన పని లేకపోయినా, ఆ అభిప్రాయం శాస్త్రీయంగా స్థిరపడడానికి చాలాకాలం పట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం బ్రిటిష్ మనోవైద్యుడు జాన్ బౌల్బీ 1951లో సమర్పించిన నివేదిక, పసివయసులో ఒకే మనిషితో ఏర్పడే గాఢమైన అనుబంధం తెగిపోతే ఆ నష్టం తిండీ బట్టా సమకూర్చినంత మాత్రాన పూడదని చెప్పింది. అయితే సంస్థల్లో పెరిగిన పిల్లలు వెనకబడడానికి సంస్థే కారణమా, లేక అలాంటి పిల్లలే సంస్థలకు చేరుతున్నారా అన్న సందేహం చాలాకాలం మిగిలింది. దాన్ని తీర్చింది రుమేనియా. 1989 డిసెంబరులో నియంత చౌషెస్కూ పాలన కూలినప్పుడు ఆ దేశపు సంస్థల్లో లక్షకు పైగా పిల్లలున్నారు. 2000 తర్వాత బుకారెస్ట్ నగరంలో చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే ముగ్గురు అమెరికా పరిశోధకులు ఆరు నుంచి 31 నెలల వయసున్న 136 మంది పిల్లలను తీసుకుని, చీట్లు తీసినట్టు యాదృచ్ఛికంగా రెండుగా విభజించి, సగం మందిని పోషక కుటుంబాల్లో చేర్చారు. మిగిలినవారు సంస్థల్లోనే కొనసాగారు. నాలుగున్నరేళ్ల వయసుకు వచ్చేసరికి పోషక కుటుంబాల్లోని పిల్లలు తెలివితేటల పరీక్షల్లో స్పష్టంగా ముందున్నారు. రెండేళ్లు నిండకముందే కుటుంబాన్ని చేరినవారిలో ఆ మెరుగుదల మరింత ఎక్కువగా కనిపించింది. 2007లో ‘సైన్స్’ పత్రికలో వెలువడిన ఈ ఫలితాలను ఆ తర్వాత ప్రపంచమంతటా ఉదహరించారు.

ఉదహరించినవారిలో చాలామంది ఒక సంగతి దాటవేశారు. అధ్యయనం మొదలైనప్పుడు బుకారెస్ట్‌లో చెప్పుకోదగ్గ ఫోస్టర్ కేర్ లేకపోవడంతో, పరిశోధకులే 56 కుటుంబాలను వెతికి, శిక్షణ ఇచ్చి, జీతం వంటి భృతి ఏర్పాటు చేసి, అడిగినప్పుడల్లా ఇంటికి వచ్చే సామాజిక కార్యకర్తలను నియమించారు. ఆ ఫలితాలు అలాంటి కుటుంబాలవి. తోడ్పాటు లేని కుటుంబానికి బిడ్డను అప్పగించి అవే ఫలితాలను ఆశించడానికి ఆ అధ్యయనంలో ఆధారమేదీ లేదు.

తోడ్పాటు మాట పక్కనపెట్టి, బిడ్డను తరలించడమే మేలుగా భావించిన కాలం ఒకటి అమెరికాలో నడిచింది. న్యూయార్క్‌లో 1853లో చార్లెస్ లోరింగ్ బ్రేస్ స్థాపించిన చిల్డ్రన్స్ ఎయిడ్ సొసైటీ, మరుసటి ఏడాది నుంచి నగరపు పేద పిల్లలను రైళ్లలో పశ్చిమాది రాష్ట్రాల రైతుల ఇళ్లకు పంపడం మొదలుపెట్టింది. 1929 దాకా సాగిన ఆ అనాథ రైళ్లలో రెండు లక్షల మందికి పైగా పిల్లలు తరలివెళ్లారని అంచనా. పేరు అనాథ రైళ్లే అయినా వారిలో ఎందరికో తల్లో తండ్రో ఇద్దరూనో బతికే ఉన్నారు. కొందరు పిల్లలు మంచి ఇళ్లకు చేరగా, కొందరు కూలి ఇవ్వనక్కరలేని పనివాళ్లుగా మిగిలారు. 1909లో అధ్యక్షుడు థియొడర్ రూజ్వెల్ట్ పిలిచిన సదస్సు కేవలం పేదరికం కారణంగా ఏ ఇంటినీ విడదీయరాదని తీర్మానించింది. ఆ తీర్మానం నుంచే తల్లుల పింఛన్లు, వాటి నుంచి 1935 సామాజిక భద్రతా చట్టంలోని పిల్లల సహాయ పథకం పుట్టాయి. అంటే కన్న కుటుంబానికి డబ్బిచ్చి నిలబెట్టడమన్న ఆలోచన ఫోస్టర్ కేర్‌కు వెలుపల నుంచి వచ్చి చేరింది కాదు. దానితోపాటే పెరిగి, మాటిమాటికీ వెనక్కి నెట్టబడింది.

1997లో అమెరికా చేసిన దత్తత, సురక్షిత కుటుంబాల చట్టం ఆ వెనకడుగుకు నిదర్శనం. పిల్లలు ఏళ్ల తరబడి ఒక పోషక కుటుంబం నుంచి మరో పోషక కుటుంబానికి మారుతూ ఎక్కడా స్థిరపడడం లేదన్న ఆవేదన న్యాయమైనదే. కాని దానికి చట్టం చూపిన మందు, గత 22 నెలల్లో బిడ్డ 15 నెలలు ఫోస్టర్ కేర్‌లో ఉంటే, కొన్ని మినహాయింపులతో, తల్లిదండ్రుల హక్కులను శాశ్వతంగా రద్దు చేయాలని రాష్ట్రం కోర్టును కోరడం. మత్తుమందుల వ్యసనం నుంచి బయటపడడానికి, అద్దె ఇల్లు సంపాదించడానికి, జైలు శిక్ష పూర్తి కావడానికి పట్టే కాలం ఈ గడువులో ఇమడదు. పిల్లలను తీసుకుపోవడానికి అక్కడ నమోదయ్యే కారణాల్లో శారీరక హింసకన్నా నిర్లక్ష్యమే చాలా ఎక్కువ. ఆ నిర్లక్ష్యమనే ఖానాలో లేమి ఎంత, అశ్రద్ధ ఎంత అన్నది విడదీయడం తేలిక కాదు. 2022 సెప్టెంబరు చివరినాటికి ఆ దేశంలో సుమారు 3.69 లక్షల మంది పిల్లలు ఫోస్టర్ కేర్‌లో ఉన్నారు. 2018లో వచ్చిన ఫ్యామిలీ ఫస్ట్ చట్టం, అప్పటిదాకా ప్రధానంగా బిడ్డను ఇంటి నుంచి తీసుకున్నాకే విడుదలయ్యే కేంద్ర నిధుల్లో కొంత భాగాన్ని ముందుగానే వ్యసన చికిత్సకూ, మానసిక వైద్యానికీ, ఇంటివద్ద పెంపకపు శిక్షణకూ ఖర్చు చేసే వీలు కల్పించింది. 1909లో చెప్పిన మాటకు మళ్లీ రావడానికి వందేళ్లు దాటాయి.

ఈ వెనకడుగులో ఎవరి పిల్లలు ఎక్కువగా నలిగారన్నది మరో అధ్యాయం. అమెరికా మూలవాసుల పిల్లల్లో పాతిక శాతానికి పైగా తమ కుటుంబాలకు దూరమయ్యారని తేలాక 1978లో వారి కోసం ప్రత్యేక చట్టం వచ్చింది. బిడ్డను మొదట బంధువులకు, తర్వాత సొంత తెగవారికి ఇవ్వాలన్న ఆ చట్టాన్ని 2023లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలను తరతరాలుగా ఎత్తుకుపోయిన చరిత్రను 1997లో అధికారిక విచారణ నివేదిక బయటపెట్టగా, 2008 ఫిబ్రవరిలో ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. ఈ అనుభవాల నేపథ్యంలోనే 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడికలోని 20వ అధికరణాన్ని చదవవలసి ఉంటుంది: ప్రత్యామ్నాయ సంరక్షణలో బిడ్డ జాతికీ, మతానికీ, సంస్కృతికీ, భాషకూ తగిన మన్నన దక్కాలని అది చెబుతుంది. భారతదేశం 1992లో ఈ ఒడంబడికలో చేరింది. విదేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది దూరపు సంగతి కాదు. 2011లో నార్వేలో ఒక భారతీయ దంపతుల ఇద్దరు పిల్లలను అక్కడి శిశు సంక్షేమ అధికారులు ఫోస్టర్ కేర్‌కు తరలించగా, రెండు ప్రభుత్వాల మధ్య చర్చల తర్వాత మరుసటి ఏడాది ఆ పిల్లలు బాబాయి సంరక్షణలో భారతదేశానికి చేరారు. బిడ్డను తీసుకున్న 30 రోజుల్లోగా వయోజనులైన బంధువులకు తెలియజేయాలని అమెరికా 2008లో చట్టం చేసింది గాని, అమ్మమ్మ గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న బిడ్డకు ఆ నియమం ఎంతవరకు పనికివస్తుందన్నది వీసాలూ కోర్టు వాయిదాలూ తేల్చే విషయం.

భారతదేశానికి వస్తే, ఫోస్టర్ కేర్‌కు చట్టంలో చోటు 2000 నాటి బాలల న్యాయ చట్టంలోనే దొరికినా, దానికి స్పష్టమైన రూపం 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చిన 2015 చట్టంతో ఏర్పడింది. బిడ్డను ఎక్కడ ఉంచాలో నిర్ణయించేది జిల్లా స్థాయిలోని బాలల సంక్షేమ సమితి. అధ్యక్షుడితో పాటు నలుగురు సభ్యులుండే దీనికి మేజిస్ట్రేటు అధికారాలున్నాయి. ఆ నిర్ణయాన్ని అమలు చేసేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం. 2021 సవరణ తర్వాత ఈ రెండింటిపై పర్యవేక్షణ జిల్లా కలెక్టరు చేతికి వచ్చింది. చట్టంలోని 44వ సెక్షన్ చిన్నదే అయినా ఆలోచించి రాసినది: తోబుట్టువులను వీలైనంతవరకు ఒకే ఇంట్లో ఉంచాలనీ, కన్నవారు అసమర్థులని తేలిన కారణంగా బిడ్డను తరలించినప్పుడు వారు క్రమం తప్పకుండా వచ్చి చూసుకోవచ్చుననీ, వారి స్థితి మెరుగైతే బిడ్డను తిరిగి అప్పగించవచ్చుననీ, దత్తతకు అర్హుడని సమితి భావించిన బిడ్డను దీర్ఘకాలపు ఫోస్టర్ కేర్‌కు ఇవ్వరాదనీ అది చెబుతుంది. సంస్థలో ఉంచడం చిట్టచివరి మార్గం కావాలన్నది అదే చట్టం తొలి పుటల్లో ప్రకటించిన సూత్రం.

ఆచరణలో చిట్టచివరి మార్గమే మొదటిదైంది. 2016–17లో కేంద్ర ప్రభుత్వం జరిపించి 2018లో వెల్లడించిన సర్వే దేశంలో 9,589 సంరక్షణ సంస్థలను లెక్కించింది. వాటిలో సంరక్షణ అవసరమైన పిల్లలు సుమారు 3.7 లక్షల మంది. తల్లిదండ్రులిద్దరూ లేనివారు వారిలో 41 వేల పైచిలుకు మాత్రమే కాగా, తల్లో తండ్రో ఒకరున్నవారు 1.2 లక్షలు దాటారు. అనాథాశ్రమమన్న పేరుతో నడిచే ఇళ్లలో అనాథలకన్నా తల్లో తండ్రో ఉన్న పిల్లలే ఎక్కువన్నమాట. ఈ పిల్లల్లో చాలామందికి కావలసింది కొత్త తల్లి కాదు, ఉన్న తల్లికి ఆదాయం.

ఈ సంగతిని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేదు అనుభవంతో నేర్చుకుంది. 1999, 2001 సంవత్సరాల్లో తెలంగాణ తండాల నుంచి లంబాడీ ఆడశిశువులను దళారులు కొద్దిపాటి డబ్బుకు తీసుకుని దత్తత సంస్థలకు చేర్చిన వైనం బయటపడింది. పేదరికం, ఆడపిల్ల కావడం వంటి కారణాలు చూపి కన్నవారు బిడ్డను వదులుకునే పద్ధతిని అప్పటి ప్రభుత్వం 2001లో ఉత్తర్వుతో నిలిపివేసింది. వదులుకోవడాన్ని ఆపిన ఆ ఉత్తర్వు తండాలోని తల్లికి బిడ్డను పెంచుకునే స్తోమతను ఇవ్వలేదు. ఇవ్వడం ఉత్తర్వు పని కూడా కాదు. ఆ ఖాళీని పూరించవలసినది స్పాన్సర్‌షిప్. 2022లో మార్గదర్శకాలు వెలువడిన కేంద్ర పథకం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్‌కూ ఫోస్టర్ కేర్‌కూ బిడ్డకు నెలకు 4,000 రూపాయల చొప్పున ఇస్తారు. అంతకుముందు అది 2,000. సంస్థలో ఉన్న బిడ్డ నిర్వహణకు లెక్కకట్టేది నెలకు 3,000 అయినా, దానికి పైన సిబ్బంది జీతాలు, భవనం, వంట, కాపలా వేరుగా పడతాయి కనుక ఇంట్లో పెరిగే బిడ్డే ప్రభుత్వానికి చవక.

స్పాన్సర్‌షిప్‌కు కుటుంబ వార్షికాదాయం గ్రామాల్లో 72,000, ఇతర ప్రాంతాల్లో 96,000 రూపాయలు మించరాదన్న నియమాన్ని దగ్గరగా చూడడం అవసరం. 2024–25లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉపాధి హామీ కూలి రోజుకు 300 రూపాయలు. అదే రేటున ఎక్కడైనా సరే ఏడాదిలో 240 రోజులు పని దొరికిన ఒక్క మనిషి సంపాదన సరిగ్గా 72,000 అవుతుంది. అంటే భర్త పోయాక ఇద్దరు పిల్లలతో మిగిలిన ఒక కూలితల్లి, నెలకు 20 రోజులు పనికి వెళ్లగలిగిందంటే, ఆ తర్వాత వచ్చే ప్రతి రూపాయీ ఆమెను పథకానికి అనర్హురాలిని చేస్తుంది. బిడ్డను బాలసదనంలోనో హాస్టల్లోనో చేర్చితే ఆ లెక్క ఎవరూ ఇంత గీచిగీచి అడగరు. పథకం ఉద్దేశం ఒకవైపు, హద్దు మరోవైపు లాగుతున్నాయి.

బంధువుల సంగతి మరింత చిక్కు. తెలుగు కుటుంబాల్లో తల్లిలేని బిడ్డ అమ్మమ్మ ఇంట్లోనో, మేనమామ ఇంట్లోనో, పెదనాన్న దగ్గరో పెరగడం ఎవరికీ వింత కాదు. ఫోస్టర్ కేర్ అన్న మాట పుట్టకముందే ఆ పని జరుగుతోంది. కాని చట్టం ఫోస్టర్ కేర్‌ను కన్న కుటుంబం కాని మరో కుటుంబంలో ఉంచడంగా నిర్వచించింది కనుక, అమ్మమ్మ ఏ లెక్కలోకి వస్తుందో ఒక్కొక్క రాష్ట్రం ఒక్కొక్క విధంగా తేల్చుకుంది. రాజస్థాన్ 2005లో ప్రారంభించిన పాలన్‌హార్ పథకం అనాథ పిల్లలను పెంచే బంధువులకూ పరిచితులకూ నేరుగా నెలసరి సాయం ఇస్తూ వచ్చింది. కేరళ బంధు సంరక్షణను ఫోస్టర్ కేర్‌లో ఒక రకంగానే గుర్తించింది. తెలుగు రాష్ట్రాల్లో అమ్మమ్మకు దక్కితే స్పాన్సర్‌షిప్ దక్కాలి. దక్కకపోతే ఆమె పింఛనే మనవడి పాలకూ పలకకూ ఆధారం. ఆ పింఛను ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి 4,000 రూపాయలు, తెలంగాణలో 2,016. బంధువులకు ఆసరా లేని ఈ లోటు కోవిడ్ కాలంలో కొట్టొచ్చినట్టు కనిపించింది. తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 మేలో 10 లక్షల రూపాయల డిపాజిట్ ప్రకటించింది. కేంద్రం పీఎం కేర్స్ కింద 23 ఏళ్లు నిండాక అంతే మొత్తం అందే ఏర్పాటు చేసింది. భవిష్యత్తుకు భద్రత ఏర్పడినా, ఆ రాత్రి నుంచే బిడ్డకు అన్నం పెట్టవలసివచ్చిన పిన్నికీ తాతకూ రోజువారీ తోడు ఎవరన్న ప్రశ్న స్థానిక ఉద్యోగుల చొరవకే మిగిలింది.

తెలుగు రాష్ట్రాల్లో ఫోస్టర్ కేర్ పెద్దగా వేళ్లూనకపోవడానికి హాస్టళ్లు ఒక ముఖ్య కారణమని చెప్పవచ్చు. 1971లో నల్గొండ జిల్లా సర్వేలులో మొదలైన గురుకుల పరంపర, సంక్షేమ హాస్టళ్లు, కస్తూర్బా బాలికా విద్యాలయాలు పేద పిల్లల చదువుకు చేసిన మేలు చిన్నది కాదు. అదే సమయంలో ఇల్లు చెదిరిన బిడ్డకు ఇవి మాటలేని ఆశ్రయంగా మారాయి. తల్లి పోయింది, తండ్రి వలస వెళ్లాడు, పిల్లను హాస్టల్లో వేశారు అన్న మాట పల్లెల్లో ఎంత మామూలుగా వినిపిస్తుందో అందరికీ తెలుసు. హాస్టలు చట్టప్రకారం బాలల సంరక్షణ సంస్థ కాదు. అందులో చేరిన బిడ్డ సంక్షేమ సమితి ముందుకు రాదు, ఆమెకు వ్యక్తిగత సంరక్షణ ప్రణాళిక ఉండదు, ఇంట్లో ఏం జరిగిందని అడిగేవారుండరు. దసరాకో సంక్రాంతికో సెలవులిచ్చి గేటు మూసినప్పుడు పెట్టె పట్టుకుని ఏ బస్సెక్కాలో తెలియని పిల్లలు ప్రతి హాస్టల్లోనూ కొందరుంటారు. వార్డెన్లకు వాళ్ల పేర్లు తెలుసు; ఏ శాఖ జాబితాలోనూ ఆ పేర్లుండవు. కేరళ సంస్థల్లోని పిల్లలను సెలవుల్లో పోషక కుటుంబాలకు పంపే సెలవుల ఫోస్టర్ కేర్‌ను నడిపిస్తోంది. ఆ పద్ధతిని ఇక్కడి గురుకులాలకు అన్వయించాలంటే కొత్త చట్టం అక్కరలేదు, రెండు శాఖలు కూర్చుని మాట్లాడుకుంటే చాలు.

హైదరాబాదులోనూ విశాఖపట్నంలోనూ ఉన్న ఎస్ఓఎస్ బాలగ్రామాల నమూనా సంస్థకూ పోషక కుటుంబానికీ మధ్యది. హెర్మన్ గ్మైనర్ 1949లో ఆస్ట్రియాలో ప్రారంభించి, 1964లో ఫరీదాబాదు ద్వారా భారతదేశానికి చేరిన ఈ పద్ధతిలో, ఒక తల్లి ఒక ఇంట్లో కొద్దిమంది పిల్లలను పెంచుతుంది; అలాంటి ఇళ్లు కొన్ని కలిసి ఒక గ్రామమవుతాయి. మన చట్టం గుర్తించిన సమూహ ఫోస్టర్ కేర్ దీనికి దగ్గరి బంధువు. తోబుట్టువులు ఎక్కువగా ఉన్నప్పుడు ఇది అక్కరకొస్తుంది గాని, కన్న కుటుంబంతో రాకపోకలు ఇక్కడ సహజంగానే పలచబడతాయి.

2024లో కేంద్రం సవరించిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాలు వ్యవస్థను మరో దిక్కుకు తిప్పాయి. అంతకుముందు దంపతులకే పరిమితమైన అవకాశం 35 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న ఒంటరి వ్యక్తులకు, అంటే అవివాహితులకూ భర్తనో భార్యనో కోల్పోయినవారికీ విడాకులు పొందినవారికీ లభించింది. ఒంటరి పురుషుడైతే మగపిల్లలను మాత్రమే తీసుకోవచ్చు. దంపతులైతే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. పోషక కుటుంబం బిడ్డను దత్తత కోరడానికి ఐదేళ్లు ఆగవలసి ఉండగా ఆ గడువును రెండేళ్లకు తగ్గించారు. దరఖాస్తులు దత్తత వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్‌లోనే చేసుకోవాలి. ఆరేళ్లు దాటిన కారణంగా దత్తతకు ఎవరూ ముందుకు రాని పిల్లలకు ఇల్లు దొరకాలన్న ఉద్దేశం మెచ్చదగినది. కాని ఒకే పోర్టల్, ఒకే వరుస, రెండేళ్ల గడువు కలిస్తే, దత్తత కోసం మూడేళ్లకు పైగా వేచి ఉన్న దంపతులకు ఫోస్టర్ కేర్ అడ్డదారిలా కనిపించే ప్రమాదముంది. 2023–24లో దేశమంతా కలిపి జరిగిన దత్తతలు 4,009 మాత్రమే కాగా, వేచి ఉన్నవారి సంఖ్య అందుకు ఎన్నో రెట్లు. సొంతం చేసుకోవాలన్న ఆశతో బిడ్డను తెచ్చుకున్న ఇంటికి కన్నతల్లి నెలకోసారి వచ్చి తలుపు తడితే లోపల ఎలాంటి ఆదరణ ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తిరిగి ఇంటికి చేరే అవకాశమున్న పిల్లలకూ, చేరే అవకాశం పూర్తిగా మూసుకుపోయిన పిల్లలకూ వేరువేరు పోషక కుటుంబాల జాబితాలు ఉండడం అందువల్ల తప్పనిసరి.

పోషక కుటుంబానికి కావలసిన తోడ్పాటులో డబ్బు ఒక భాగమే. నిధులు మూడు నెలలకోసారి ఆలస్యంగా జమయితే అది సాయం కాకుండా బాకీ తీర్చడమవుతుంది. అంతకన్నా ఎక్కువగా విసిగించేవి చిన్న కాగితాలు: బడిలో చేర్చడానికి బదిలీ పత్రం, ఆధార్‌లో ఎవరి ఫోన్ నంబరు ఉండాలన్న చిక్కు, రేషను కార్డులో బిడ్డ పేరు ఇంకా కన్నవారింటిలోనే ఉండడం, కులధ్రువీకరణ పత్రానికి తండ్రి సంతకం, ఆసుపత్రిలో ఆపరేషనుకు సమ్మతి ఎవరివ్వాలన్న సందేహం. వీటికి సమితి ఉత్తర్వు నకలు సరిపోవాలి. సరిపోతుందని బడి గుమస్తాకూ ఆసుపత్రి కౌంటరుకూ ఎవరో ఒకరు చెప్పాలి.

బిడ్డ నడవడి మరో పరీక్ష. ఆకలి ఎరిగిన పిల్లలు కడుపునిండా తిన్నాక కూడా బిస్కెట్లో అన్నం ముద్దో దిండు కింద దాచుకోవడం, రాత్రుళ్లు పక్క తడపడం, కొత్తగా కనిపించిన ప్రతివారినీ హత్తుకుపోవడం, లేదా ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం ఈ రంగంలో పనిచేసేవారికి బాగా తెలిసిన లక్షణాలు. దాచిన తిండిని దొంగతనంగా చూసే ఇంటికీ, మంచం పక్కనే ఒక డబ్బా పెట్టి నీకెప్పుడు కావాలంటే అప్పుడు తినమని చెప్పే ఇంటికీ మధ్య తేడా మంచితనంలో లేదు, ముందుగా ఎవరో చెప్పి ఉంచడంలో ఉంది. కన్నవారిని చూసి వచ్చిన రోజు బిడ్డ ముభావంగా ఉండడమో గొడవపడడమో చూసి, ఆ సందర్శనలే మానిపిస్తే బాగుంటుందని పోషక కుటుంబాలు అనుకోవడం సహజం. ఆ దిగులు బంధం ఉన్నందుకు గుర్తు. ఈ మాట శిక్షణలో ఒకసారి చెప్పి వదిలేస్తే చాలదు. ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే ఎత్తే మనిషి ఉండాలి. బిడ్డ తిరిగి కన్నవారింటికి వెళ్లిపోయాక పోషక తల్లికి కలిగే దుఃఖానికి మాత్రం ఏ నమూనా పత్రంలోనూ గడి లేదు.

ఆ ఫోన్ ఎత్తవలసిన మనిషి జిల్లా బాలల పరిరక్షణ విభాగంలోని సంస్థేతర సంరక్షణ అధికారి, ఆయన కింది సామాజిక కార్యకర్త, ఊళ్లు తిరిగే అవుట్‌రీచ్ వర్కరు. వీరిలో ఎక్కువమంది ఒప్పంద ఉద్యోగులు. బాల్యవివాహం ఆపడానికీ, పోక్సో కేసులో బాధితురాలి వెంట ఉండడానికీ, తప్పిపోయిన పిల్లవాణ్ని వాళ్ల ఊరికి చేర్చడానికీ వీరే పరుగెత్తాలి. వీటి మధ్య ఖాళీ దొరికితే పోషక కుటుంబాన్ని చూసిరావాలి. ప్రతి పోషక కుటుంబాన్నీ సంక్షేమ సమితి నెలనెలా తనిఖీ చేయాలని చట్టం అంటుంది. అదే సమితి నెలకు కనీసం 20 రోజులు సమావేశం కావాలనీ అంటుంది. కుటుంబాల సంఖ్య పదులు దాటని జిల్లాలో ఇది కుదరవచ్చు, వందలైతే కుదరదు. తెలంగాణలో జిల్లాలు 33కూ ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 26కూ పెరిగాక దూరాలు తగ్గిన మాట నిజమే. ఆ మేరకు సిబ్బందిని స్థిరమైన ఉద్యోగాల్లో నింపితే తప్ప తనిఖీ అంటే ఫోటో తీసి పోర్టల్‌లో ఎక్కించడంగానే మిగులుతుంది. కన్నవారింటికి వెళ్లి, తాగుడు మానిన తండ్రి నిజంగా మానాడా, తల్లికి పని దొరికిందా అని చూసే సందర్శనకు చట్టం నెలవారీ గడువేమీ పెట్టలేదు. పెట్టి ఉంటే బిడ్డ ఎప్పుడు తిరిగి వెళ్లగలడన్నది అంచనాగా కాక లెక్కగా తేలేది.

పద్దెనిమిదేళ్లు నిండాక ఏమిటన్నది చట్టం అసంపూర్ణంగా వదిలిన చోటు. ఇంగ్లండులో 2014 చట్టం తర్వాత, యువకుడూ పోషక కుటుంబమూ ఇష్టపడితే 21 ఏళ్ల దాకా అదే ఇంట్లో ఉండవచ్చు, అందుకు స్థానిక ప్రభుత్వం తోడ్పడాలి. మన చట్టంలోని అనంతర సంరక్షణ, అంటే 18 నుంచి 21 ఏళ్ల వరకు ఇచ్చే ఆర్థిక తదితర సాయం, సంస్థాగత సంరక్షణను వదిలి వెళ్లినవారికని నిర్వచనంలోనే రాసి ఉంది. ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు చదివితే, చట్టం ఏ మార్గాన్ని చిట్టచివరిదిగా ఉంచమందో ఆ సంస్థలో పెరిగిన యువతికి సాయం అందుతుంది. చట్టం కోరుకున్నట్టే ఒక ఇంట్లో పెరిగిన యువతికి పుట్టినరోజు మర్నాటి నుంచి హక్కుగా ఏదీ లేదు. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరంలో ఉండగా నెలకు 4,000 ఆగిపోయిన ఇంట్లో ఆమె చదువు కొనసాగేది లేనిదీ ఆ పోషక కుటుంబపు చలవ. నిర్వచనంలో ఆ ఒక్క మాటను సవరించి ఫోస్టర్ కేర్‌నూ చేర్చడానికి పార్లమెంటు పూనుకునేలోగా, రాష్ట్రాలు తమ సొంత నిధులతో ఆ మూడేళ్లను భర్తీ చేయడానికి అడ్డేమీ లేదు.